పెద్ద అంకెల మిషను

గుల్లలపేట,
నౌపడ దగ్గర.
14 ఫిబ్రవరి 2024

ఒరే గిరీ,

అక్క దీవెనలు. ఉత్తరం చూసి ఏం కొంప మునిగిందోనని కంగారు పడకు. మునగబోయి తేలింది, అందుకే రాస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు వేట నుంచి ఒడ్డుకొచ్చి ఫోను చేసిన నాడు ఇంటిల్లిపాదీ లాక్కుంటారు. నా చేతికొచ్చేసరికి "ఆఁ అక్కా, సరే అక్కా" అని పెట్టేస్తావు. కాగితం మీదైతే తప్పించుకోలేవు. పన్నెండేళ్ళుగా డ్వాక్రా సంఘం తీర్మానాలు రాస్తున్న చెయ్యి ఇది. చదివి వాయిదా వేస్తే ఒప్పుకోను.

ఈ నెల మూడో తారీఖున మీ బావ తెప్ప మీద ఒక్కడే వేటకు వెళ్ళాడు. ఎప్పుడూ కూడా వెళ్ళే దాలయ్యకు ఆ రోజు జ్వరం. తెల్లవారుతూనే తెరచాప ఎత్తినవాడు పదకొండుకల్లా రావాలి. సాయంత్రమైనా రాలేదు. మరునాడు ఊళ్ళోని ఎనిమిది పడవలూ వెతికి ఉత్త చేతులతో తిరిగొచ్చాయి. మూడో నాడు ఇచ్ఛాపురం అవతల నుంచి ఫోను. నీరు ఉత్తరానికి లాగేసిందట. ఒడియా జాలర్లు చూసి ఒడ్డుకు తెచ్చి, వాళ్ళ చద్దన్నం, పొఖాళొ పెట్టి, బస్సు ఎక్కించారు. ఇంటికొచ్చాక మీ బావ స్నానం చేసి, కూర్చుని తిని, "మంచు పట్టేసినాది, కొండ కనబడనేదు" అన్నాడు. ఆ వెంటనే చాప పరుచుకుని పడుకున్నాడు. ఆ మూడు రోజులూ నేనెలా ఉన్నానో నీకు రాయను. రాస్తే మళ్ళీ అలా ఉండాలి.

మీ బావ లెక్కంతా కొండ లెక్కేనని నీకు తెలుసు. తెప్ప మీంచి చూసినప్పుడు మహేంద్రగిరి భుజం మీదికి మన తాటితోపు వస్తే, ఆ నీటి కింద ఒక రాయి. కొండ నడుము దాకా నీళ్ళలో దిగినట్టు కనబడితే ఇంకో రాయి. నీటి అడుగున అలాంటివి పదకొండు ఉన్నాయట, చేప అక్కడే ఉంటుందట. వాళ్ళ నాన్న ఆయనకు చెప్పాడు. ఆయన ఎవరికీ చెప్పడు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో నాకూ చెప్పలేదు. మరి మంచు పడిన రోజు ఆ లెక్క ఏమవుతుంది? అందుకని నేను జీపీఎస్ కొంటున్నాను. కొనాలా వద్దా అని అడగడం లేదు. ఏది కొనాలో చెప్పు. చేతిలో పట్టేది, చవకది, చెడనిది కావాలి. మీ పెద్ద బోట్లలో గోడకు బిగించేది నాకొద్దు, మా తెప్పకు గోడ లేదు.

వేళకు తిను. గుట్కా మానేశావని నమ్ముతున్నాను.

నీ అక్క
చిన్నతల్లి

*

వెరావల్,
గుజరాత్.
27 ఫిబ్రవరి 2024

అక్కా,

నమస్కారాలు. ఇరవై రెండు రోజుల వేట ముగించి నిన్న ఒడ్డుకొస్తే ఆఫీసులో నీ ఉత్తరం ఉంది. నిలబడే చదివాను. చదివాక కూర్చున్నాను. ఇంత జరిగితే ఎవరూ ఒక మాట చెప్పలేదు. బావకు ఫోను చేస్తే "ఏటి నేదురా, కాస్త మంచు" అన్నాడు. కాస్త మంచుకు ఒరిస్సా పోయాడు.

నువ్వు భయపడ్డావని తెలుస్తోంది. భయంలో కొన్న వస్తువు ఎప్పుడూ తప్పుడు వస్తువే అవుతుంది, కాబట్టి నిదానించు. ముందుగా, ఫోనులోనే మ్యాపు ఉంది కదా అని ఎవరైనా అంటే వినకు. ఉప్పునీళ్ళు తగిలితే ఫోను పోతుంది, ఎండలో తెర కనబడదు, ఛార్జింగ్ మధ్యాహ్నానికి అయిపోతుంది. చేతి జీపీఎస్ వేరు. బయలుదేరేటప్పుడు ఒడ్డున నిలబడి ఒక పాయింటు వేసుకుంటావు. ఆ తర్వాత సముద్రంలో ఎక్కడున్నా ఇల్లు ఎటువైపు, ఎంత దూరం అన్నది బాణం గుర్తుతో చూపిస్తుంది. చేప దొరికిన చోట ఇంకో పాయింటు వేసుకుంటే రేపు నేరుగా అక్కడికే పోవచ్చు. నీకు కావలసింది ఇంతే.

మా ఓనరు తమ్ముడి దగ్గర ఒక మంచి మిషను ఉంది. రంగుల తెర, వేలితో తాకితే పనిచేస్తుంది, మ్యాపులన్నీ అందులోనే. కొత్తది పాతిక వేలు, నాకు పదిహేనుకు ఇస్తానన్నాడు. ఒప్పుకుంటే పార్సిల్ చేస్తాను. దాన్ని దాలయ్య చేతికివ్వు. పదో తరగతి చదివాడు, తొందరగా పట్టుకుంటాడు. బావ తెరచాప చూసుకుంటాడు, దాలయ్య మిషను చూసుకుంటాడు.

నేను బాగున్నాను. గుట్కా సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను.

నీ తమ్ముడు
గిరిబాబు

*

గుల్లలపేట,
8 మార్చి 2024

ఒరే గిరీ,

భయపడ్డానని రాశావు. భయపడి ఉంటే ఆ తెప్పను పొయ్యిలో పెట్టి వండేదాన్ని. నేను ఆలోచించి కొంటున్నాను. నీ పదిహేను వేల మిషను మీ ఓనరు తమ్ముడి దగ్గరే ఉండనీ.

మొన్న తెల్లారి రైలెక్కి విశాఖపట్నం ఫిషింగ్ హార్బరుకు వెళ్ళాను. పడవ సామాన్ల కొట్టు ఒకటి అడిగి అడిగి పట్టుకున్నాను. అక్కడి ధర్మేంద్ర అనే అబ్బాయి ఓపిక గలవాడు, వాళ్ళమ్మ బాగా పెంచింది. నేను సంచీలో ఒక సీసాడు మన సముద్రపు నీళ్ళు, రెండు కానాగంత చేపలు తీసుకెళ్ళాను. అతను మొదట నవ్వాడు. "చేప కోసిన చేత్తో ఇది పని చేస్తుందా" అని అడిగి, కానాగంత కోసి ఆ చేత్తోనే తాకే తెర మిషను పట్టుకున్నాను. ఎంత తాకినా పలకలేదు. ఒకసారి పలికితే ఎక్కడికో పోయింది. వేటలో మీ బావ చేతులు పొడిగా ఉండేది ఎప్పుడు? బటన్లు ఉన్నదే కావాలన్నాను.

తర్వాత బకెట్టు అడిగి, నా సీసా నీళ్ళు పోసి, బటన్ల మిషన్లు నాలుగూ అందులో వేయించాను. నాలుగూ బతికాయి. ఒకటి అడుగుకు పోయింది, మూడు తేలాయి. తెప్ప మీద నుంచి జారితే తేలేదే మనది. తర్వాత ఆ మూడింటినీ బయట ఎండలోకి తెచ్చి చూశాను, తెర బాగానే కనబడింది. అందులో ఒకటి ఛార్జింగ్ పెట్టేది. ఛార్జింగ్ పెట్టేదైతే కరెంటు లేనినాడు ఏం చేస్తాం, మామూలు సెల్లులు వేసేదే తీసుకుంటానన్నాను. నౌపడ కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి కదా. చివరికి రెండు మిగిలాయి. ఒకటి చిన్నది, నల్లది, ఏడున్నర వేలు. ఇంకోటి పసుపుపచ్చది, కాస్త లావు, పదకొండు వేలు. రెండూ తేలతాయి, రెండింటికీ బటన్లు, రెండింటికీ సెల్లులే. పసుపుదానిలో అంకెలు పెద్దగా పడతాయన్నాడు. అంకెలు పెద్దవైతే దూరం తగ్గుతుందా అన్నాను. చిన్నదే తీసుకుందామనుకుంటున్నాను. నీ మాట కోసం ఆగాను.

ఇక దాలయ్య పేరు ఎత్తకు. మీ బావ బతికొచ్చిన నాలుగో నాడు టీ కొట్టు దగ్గర పదిమందిలో ఏమన్నాడో తెలుసా? "ఆ దినం మంచేటి నేదు. జొరంతో గుమ్మంల కూకున్నాను, కొండ అద్దంలాగున్నాది" అన్నాడు. అంటే నా మగడు అబద్ధం ఆడాడా? తాగి పడుకున్నాడా? నేను ఊరుకోలేదు. ఊరి పెద్దల ముందు పెట్టాను. సముద్రం మీద మంచు ఎక్కడ పడిందో ఒడ్డున కూర్చున్నవాడికి ఎలా తెలుస్తుందని అడిగాను. పెద్దలు నా మాటే నిలబెట్టారు. మన కట్టుబాటు ప్రకారం దాలయ్య కొత్త తువ్వాలు తెచ్చి అందరి ముందూ మీ బావ భుజాన వేసి తప్పు ఒప్పుకోవాల్సి వచ్చింది. వేసి వెళ్ళిపోయాడు. మరునాటి నుంచి తెప్ప దగ్గరికి రావడం మానేశాడు. రాకపోతే పోనీ. మీ బావ ఒక్కడే వెళ్తున్నాడు. ఇప్పటికి ఒడ్డు దాపునే వల వేసి వస్తున్నాడు గాని, రేపు లోపలికి పోతే? అందుకే మిషను తొందర.

మీ బావకు మాత్రం ఈ గొడవేమీ పట్టలేదు. "నాకెందుకే ఆ బొమ్మ" అని వల బాగు చేసుకుంటున్నాడు.

నీ అక్క
చిన్నతల్లి

*

వెరావల్,
20 మార్చి 2024

అక్కా,

నీ ఉత్తరం మా బోటులో అందరికీ చదివి వినిపించాను. కానాగంత దగ్గర మా వంటవాడు కడుపు పట్టుకుని నవ్వాడు. కానీ నువ్వు చెప్పినవన్నీ నిజమే. బటన్లు, తేలేది, మామూలు సెల్లులు. ఇన్నేళ్ళు సముద్రంలో ఉండి నాకు తట్టనిది నీకు తట్టింది.

చిన్నది మాత్రం కొనకు. పసుపుదే కొను. ఎందుకో చెప్తాను. నువ్వు కోప్పడకూడదు.

మొన్న బావ ఫోను చేశాడు. తనంతట తాను ఫోను చేయడం నేనెరిగి ఇదే మొదలు. "మీ అక్కకి సెప్పకురా" అని మొదలుపెట్టాడు. ఏ మిషనులో అంకెలు బాగా పెద్దవి పడతాయో అది కొనమని నీకు రాయమన్నాడు. ఎందుకు బావా అంటే, "మీ అక్కకి కళ్ళు ఆనడం నేదురా, పైకి సెప్పదు" అన్నాడు. నేను మాట ఇచ్చాను కాని, కళ్ళ విషయంలో మాట నిలబెట్టుకోవడం తప్పని తోచి రాసేస్తున్నాను. అక్కా, నువ్వు మా అందరికీ ధైర్యం చెప్పేదానివి. నీకేమైనా అయితే ఎవరికీ చెప్పవు. యాభై రెండేళ్ళు వచ్చాయి, ఇందులో సిగ్గేముంది. శ్రీకాకుళం వెళ్ళి చూపించుకో. ఖర్చు నేను పంపుతాను. బావ నీ గురించి అంత బెంగ పడుతున్నాడంటే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

ఇంకోటి. దాలయ్యను పంచాయితీకి ఈడ్చడం నాకు నచ్చలేదు. నోరు జారిన మాటకు పాతికేళ్ళ జతగాణ్ణి వదులుకుంటామా? ఏ మిషనైనా తెడ్డు వేస్తుందా? అతని చేత ఎలాగైనా మాట్లాడించు.

నీ తమ్ముడు
గిరిబాబు

తా.క. గుట్కా మానేశాను. ఈసారి నిజం.

*

గుల్లలపేట,
29 మార్చి 2024

ఒరే గిరీ,

నీ ఉత్తరం చదివి ముందు నిన్ను తిట్టాను, తర్వాత మీ బావను తిట్టాను. కళ్ళు ఆనకపోవడమేమిటి? వెంటనే డబ్బాలో సన్న సూది తీసి, గుమ్మంలో నిలబడి మొదటిసారికే దారం ఎక్కించాను. దూరంగా నౌపడ ఉప్పు మడుల్లో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టాను. ఆరుగురు. మన రేఖకు ఫోను చేసి, "నాకు చూపు తగ్గిందని మీ నాన్న నీతో ఏమైనా అన్నాడా" అని అడిగాను. కోటబొమ్మాళిలో అత్తారింట పని మానుకుని నవ్వింది. "నీ కళ్ళకి కనబడకుండా నానెప్పుడైనా ఏటైనా సేసినానా అమ్మా" అంది.

మరి ఆయనకు ఇది ఎందుకు చెప్పాలనిపించింది? పెద్ద అంకెలు నాకు కాకపోతే ఎవరికి?

ఆ రోజు మధ్యాహ్నం మీ బావ అరుగు మీద వల బాగు చేస్తున్నాడు. మనది నీలం వల. దారం అయిపోయింది అందించమంటే, నీలం బదులు ఆకుపచ్చది అందించి పక్కన కూర్చున్నాను. గంటన్నరసేపు చూశాను రా. ఆ నీలం వల మీద ఆకుపచ్చ ముడులు వేస్తూ పోయాడు. వేళ్ళు ఎక్కడా తడబడలేదు, వల కన్ను ఒక్కటీ తప్పలేదు. రంగు మాత్రం తెలియలేదు. ముడిని దగ్గరికి తెచ్చుకుని చూడనూ లేదు. చూడ్డం ఎప్పుడో మానేశాడని అప్పుడు అర్థమైంది.

లేచి లోపలికి వెళ్ళి బిందె దగ్గర కూర్చున్నాను. ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. చేప ముల్లు నన్నే తీసి పెట్టమంటున్నాడు. దారిలో ఎవరైనా పలకరిస్తే గొంతు విన్నాకే పేరు పెట్టి పిలుస్తున్నాడు. నేనిదంతా చూస్తూనే ఉన్నాను, గారాబం అనుకున్నాను. ఆ రోజు సముద్రం మీద మంచు లేదు గిరీ. దాలయ్య చెప్పింది నిజం. కొండ అద్దంలాగే ఉంది. మీ బావకే కనబడలేదు.

నిజం చెప్పినవాడి చేత పదిమందిలో తువ్వాలు వేయించాను. పెద్దల ముందు నా నోరే గెలిచింది. ఊరిలో నా మాట కాదనే వాళ్ళు లేరని ఎంత గర్వంగా ఇంటికి నడిచానో తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది. ఆయన అక్కడే కూర్చుని ఆ తువ్వాలు వేయించుకున్నాడు. ఆయన మీద కోపమా, నా మీద కోపమా అంటే రెండూ ఉన్నాయి.

ఏం చేయాలని నిన్ను అడగడం లేదు. ఉగాది వెళ్ళిన మరునాడు పెద్దల్ని పిలిచి నా మాట తప్పని నేనే చెప్తాను. ఆ వెంటనే మీ బావను శ్రీకాకుళం తీసుకెళ్తాను. మిషను పసుపుదే కొంటాను. అప్పటిదాకా తెప్ప కదలదు. పొద్దున లేచి తెరచాప దాచేశాను, ఎలుక కొట్టిందని కుట్టడానికి పంపానని చెప్పాను. ఆయనకు నాకు తెలిసిందని తెలియదు. నువ్వు నోరు మూసుకో.

నీ అక్క
చిన్నతల్లి

*

వెరావల్,
8 ఏప్రిల్ 2024

అక్కా,

తప్పు చేశాను, ముందే ఒప్పుకుంటున్నాను. నీ ఉత్తరం చదవగానే ఆగలేక బావకు ఫోను చేశాను. "అక్కకు అంతా తెలిసిపోయింది బావా, ఆపరేషన్ చేయించుకో" అన్నాను. "నా కాళ్ళు విరిగినా ఊరు మోస్తాది. కళ్ళు నేవంటే నాతో తెప్ప ఎవడెక్కుతాడురా" అని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

నువ్వు పెద్దల దగ్గరకు వెళ్ళకు. నీ మాట తప్పని నువ్వు ఒప్పుకుంటే బావ మాట అబద్ధమని ఊరంతా అంటుంది. మగవాడికి సముద్రంలో మాటే ఆధారం. దాలయ్యకు నేను జూన్లో వచ్చి నచ్చజెప్తాను. ఈలోగా కడుపు నొప్పి అనో మరేదో చెప్పి ఆపరేషన్ చేయించెయ్. నల్ల కళ్ళద్దాలు ఎండకని చెప్పుకోవచ్చు. ఈ ఒక్కసారికి నా మాట విను.

ఇక్కడ నాకు మనసు మనసులో లేదు. బోటు రేపు కదులుతుంది, నెలాఖరు దాకా ఏ కబురూ తెలియదు.

నీ తమ్ముడు
గిరిబాబు

*

గుల్లలపేట,
20 ఏప్రిల్ 2024

ఒరే గిరీ,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. వారం కిందటే వచ్చినా వినేదాన్ని కాదు. కడుపు నొప్పికి నల్ల కళ్ళద్దాలు పెట్టే డాక్టరు మీ వెరావల్లో ఉన్నాడేమో.

పదో తారీఖు సాయంత్రం రామమందిరం అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. జగన్నాధం మావ మధ్యలో, చుట్టూ ఊరు. దాలయ్యను కబురు పెట్టి పిలిపించాను. వచ్చి దూరంగా నిలబడ్డాడు. మీ బావను రావద్దన్నాను. నీ ఫోను తర్వాత నాతో మాట్లాడ్డం మానేశాడు, ఎలాగూ రాడనుకున్నాను. నేను లేచి, "ఫిబ్రవరిలో నేను పెట్టిన తగువు తప్పు. దాలయ్య మాట నిజం. తువ్వాలు నేను వేయాలి" అన్నాను. అరుగు చివరి దాకా వినబడేలా అన్నాను. సంఘం మీటింగుల్లో నలభై మంది ఆడవాళ్ళను అదుపులో పెట్టినదాన్ని.

జగన్నాధం మావ, "మరి మంచు సంగతేటమ్మా" అన్నాడు. దానికి జవాబు ముందే అనుకుని వెళ్ళాను. నాకే తెలియక అన్నానని, ఆయన చెప్పింది నేనే పెంచి చెప్పానని అనాలనుకున్నాను. నోరు తెరిచేలోపు వెనక నుంచి మీ బావ గొంతు వినబడింది. గోడ పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"మంచు నేదు మావా. దాని మాటేటి కాదు, అబద్ధం నాది. నాకు కళ్ళు నేవు. రెండేళ్ళయినాది. తెల్ల గుడ్డ కట్టినట్టుంటాది. సెప్తే తెప్ప పోతాదని సెప్పనేదు."

ఎవరూ నవ్వలేదు. నేను తల దించుకోలేదు. నా మగడు అంత ఎత్తున ఎప్పుడూ నాకు కనబడలేదు. నా చేతిలోని కొత్త తువ్వాలు తీసుకుని దాలయ్య భుజాన ఆయనే వేశాడు. భుజం ఎక్కడుందో చేత్తో తడిమి వేశాడు.

దాలయ్య ఆ చెయ్యి వదలకుండా పట్టుకున్నాడు. "నాకు తెల్దేటి బావా. రెండేళ్ళుగా కొండ నేనే సెప్తన్నాను గదా. తోపు వచ్చినాది, భుజం వచ్చినాది అని ఊరికే అంటన్నాననుకున్నావేటి" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "మంచు నేదని నీకు వినబడాలనే టీ కొట్టు కాడ అన్నాను సిన్నతల్లీ. కళ్ళు పోయినాయని నా నోటితో అనలేక అలగన్నాను. నువ్వు తగువెట్టీసినావు" అన్నాడు. అందరి ముందూ అతనికి దణ్ణం పెట్టాను. జీవితంలో అలా ఎప్పుడూ జరగలేదు.

పదిహేడున ఆపరేషన్. శుక్లాలు బాగా ముదిరాయన్నారు. ముందు కుడి కన్ను చేశారు. రెండోది వానల తర్వాత. దాలయ్య మాతోనే వచ్చి అరసవల్లిలో లాడ్జి చూసి, రెండు రోజులు కూడా ఉన్నాడు. కట్టు విప్పి పంపాక ఆటోలో మీ బావ దారి పొడుగునా బోర్డులు చదువుతూ కూర్చున్నాడు. మందుల కొట్టు, ఇడ్లీ హోటలు, దర్జీ, ఒక్కటీ వదల్లేదు. ఆటో అబ్బాయి అద్దంలో చూసి, "పెద్దాయన ఊరికి కొత్తా" అన్నాడు. అవునన్నాను.

నెల రోజులు నీళ్ళు తగలకూడదు. తెరచాప ఇంకా నా దగ్గరే ఉంది.

నీ అక్క
చిన్నతల్లి

*

వెరావల్,
3 మే 2024

అక్కా,

ఒడ్డుకొచ్చి నీ ఉత్తరం చదివాను. బోట్ల మధ్య తాళ్ళ కుప్ప మీద కూర్చుని ఏడ్చాను, దాచను. నేను దాచమన్నవన్నీ నువ్వు బయట పెట్టావు. అన్నీ బాగయ్యాయి. ఇకమీదట నీకు సలహా చెప్పను, మిషను గురించి తప్ప.

పసుపుది కొన్నాక నాలుగు పనులు మరవొద్దు. తెప్ప నీళ్ళలోకి తోయకముందే మిషను ఆన్ చేసి ఉపగ్రహాలు దొరికేదాకా ఆకాశం కింద ఉంచాలి. ఒడ్డు పాయింటు మొదట వేయాలి. కొత్త సెల్లులు రెండు ప్లాస్టిక్ డబ్బాలో వేరుగా పెట్టుకోవాలి. మిషను మెడకు తాడుతో కట్టుకోమను. ఇక బావ తన పదకొండు రాళ్ళూ ఒకసారి తిరిగి పాయింట్లు వేయించుకుంటే, రేపు మంచు పడ్డా వానొచ్చినా అక్కడికే పోవచ్చు. కానీ ఆ రాళ్ళు దాలయ్యకు చూపిస్తాడా? వాళ్ళ నాన్న మాట దాటతాడా? నాకు అనుమానమే. పాతికేళ్ళు కూడా తిప్పుకున్నా, తోపు వచ్చింది, భుజం వచ్చింది అని దాలయ్య చెప్పడమే గాని, ఆ రెండూ ఎక్కడ కలిస్తే రాయో బావ బయటపెట్టలేదు.

జూన్ ఐదుకు వస్తాను.

నీ తమ్ముడు
గిరిబాబు

*

గుల్లలపేట,
27 మే 2024

ఒరే గిరీ,

నువ్వు బయలుదేరేలోపు ఇది అందుతుందో లేదో గాని, రాయకుండా ఉండలేను.

మిషను వచ్చింది. పదకొండు వేలకే, రెండు జతల సెల్లులూ మెడ తాడూ ఊరికే ఇచ్చాడు ధర్మేంద్ర. ఈసారి చేప తేలేదేమని అడిగాడు. వేట నిషేధం మరపడవలకే గాని తెరచాప తెప్పకు లేదు కదా, డాక్టరు సరేనన్నాక శుక్రవారం తెరచాప బయటికి తీసి ఇచ్చాను. ఎలుక కొట్టిన జాగా ఎక్కడే అని మీ బావ తిరగేసి మరగేసి చూశాడు. ఇప్పుడు దాచడానికి ఏమీ లేదు.

నీ అనుమానం తప్పు. శుక్ర, శని రెండు రోజులూ చేప మాట పక్కన పెట్టి రాళ్ళే తిరిగారు. మీ బావ ముందు నిలబడి కొండ చూసి "ఇక్కడ" అంటాడు, దాలయ్య బటను నొక్కుతాడు. తోపూ కొండా ఎక్కడ ఎలా కలవాలో నోరు విప్పి చెప్పాడట. పదకొండు రాళ్ళూ వేశారు. మా ఆడపిల్లకు సముద్రం లేదు, నీకు గుజరాత్ ఉంది. వాళ్ళ నాన్న ఇచ్చినవి ఎవరికో ఒకరికి ఇవ్వాలి కదా. బావా అని పిలుపే గాని దాలయ్య చుట్టం కాడు. అయినా అతని చేతిలోనే పెట్టాడు. నాకు ఒక్క నిమిషం కడుపు మండింది, నిజమే చెప్తున్నాను. ఆ మంట మరునాటికి లేదు.

శనివారం మధ్యాహ్నం అన్నం దగ్గర మీ బావ ముద్ద కలిపి పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ఏమైందన్నాను. చివరి రాయి దగ్గర దాలయ్య మిషను చూసి, "ఇల్లు ఆరు మైళ్ళు బావా" అన్నాడట.

"ఆ దినం అడుగు తెల్సుకుందామని తాడు దింపితే ఆ రాయే తగిల్నాది సిన్నతల్లీ" అన్నాడు. "అదేనని సెయ్యి సెప్పినాది. మనసు నమ్మనేదు. కొండ కనబడకపోతే నడి సముద్రంల ఉన్నాననుకున్నాను. గాలి నేదు. ఎంతని తోస్తాను, ఎక్కడికని తోస్తాను అనుకున్నాను. తెడ్డు కింద ఎట్టీసి తొంగున్నాను. ఆరు మైళ్ళే అని నాకు తెల్దే."

సముద్రపు మైళ్ళు ఆరంటే పదకొండు కిలోమీటర్లని ధర్మేంద్ర చెప్పాడు. పెళ్ళయిన కొత్తలో చేపల తట్ట నెత్తిన పెట్టుకుని టెక్కలికి నేను అంతకంటే ఎక్కువ నడిచేదాన్ని. అమ్ముకుని, తిరిగొచ్చి, వంట చేసేదాన్ని. అంత దూరంలో నా మగడు తెడ్డు వదిలేసి చావు కోసం పడుకున్నాడు. ఇవతల ఒడ్డున నేను సముద్రాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను. కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ అన్నం చెయ్యే పట్టుకుని ఏడ్చాను. ఫిబ్రవరి నుంచి ఏడవనిదంతా ఆ పూట ఏడ్చాను.

ఈ పొద్దున మళ్ళీ బయలుదేరుతూ మిషను పక్కన పెట్టబోయాడు. "కళ్ళొచ్చినాయి కదే, కొండ బాగా కనబడతన్నాది. ఇంక ఇదేటికి" అన్నాడు.

తాడు నేనే ఆయన మెడలో వేశాను. "కొండ కోసం కాదు. ఇల్లెంత దూరమో చూసుకున్నాకే తెడ్డు కింద పెట్టు" అన్నాను.

నీ అక్క
చిన్నతల్లి